“ఆపరేషన్ అయిందా?” అని ఒక్క మాట అడగండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఫిజీషియన్లకు, షుగరు డాక్టర్లకు, స్కానింగ్ సెంటర్ల వారికి, మెడికల్ షాపుల వారికి బహిరంగ లేఖ

డాక్టరు గార్లకు, మందుల షాపుల వాళ్లకు నమస్కారం.

నాకు 35 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. బాబు ఐదో తరగతి, పాపకు 21 నెలలు. బాబు కడుపులో ఉన్నప్పుడు వచ్చిన షుగరు కాన్పయ్యాక పోయినట్టే పోయి, నాలుగేళ్లకు మళ్లీ వచ్చి కూర్చుంది. అప్పటినుంచి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. తర్వాత ఒక చెకప్‌లో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 168 అని వస్తే, దాన్ని తగ్గించే స్టాటిన్ రకం మాత్ర అటోర్వాస్టాటిన్ 10 చేర్చారు. ఆ రోజు కన్సల్టింగ్ రూములో నడిచిన మాటలు మొత్తం ఇవే:

“పిల్లలెంతమంది?”

“ఒక బాబు సార్.”

“సరే. ఇది రాత్రి తిన్నాక ఒకటి. మూడు నెలలకు టెస్టు చేయించుకుని రండి.”

ఆ “సరే”లో ఏముందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. బాబు ఉన్నాడు కదా, ఇక ఈమెకు కాన్పుల గొడవ లేదు అని ఆయన అనుకున్నారు. డాక్టరు గారు అన్నీ ఆలోచించే రాసి ఉంటారని నేననుకున్నాను. ఇద్దరం మనసులో అనుకున్నదే తప్ప, పైకి ఎవరం అడగలేదు. మన ఊళ్లలో పెళ్లయిన ఆడదాన్ని “ఆపరేషన్ అయిందా?” అని అడగని వాళ్లుండరు. ఏఎన్ఎం అడుగుతుంది, ఆశ అడుగుతుంది, బస్సులో పక్కసీటు పెద్దమ్మ అడుగుతుంది. అడిగితే నిజంగా ఉపయోగం ఉండే ఆ ఒక్క గదిలోనే ఎవరూ అడగలేదు.

నాకు నెలసరి ముందునుంచీ సరిగ్గా రాదు. పది రోజులు అటూ ఇటూ అయితే పట్టించుకోను. అనుమానం వచ్చి కిట్ తెచ్చుకుని రెండో గీత చూసేసరికి తొమ్మిదో వారం. ముందురోజు రాత్రి కూడా ఆ మాత్ర వేసుకున్నాను.

స్కానింగ్ సెంటర్లో, పేరు వద్దు, ఏమేం మందులు వాడుతున్నావని అడిగి, నేను చూపించిన స్ట్రిప్ మీద పేరు ఫోన్‌లో కొట్టి చూశారు. చూసి ఫోన్ బోర్లా పెట్టేశారు. “కొలెస్ట్రాల్ మాత్ర మింగుతూ ప్రెగ్నెన్సీ ఏంటమ్మా? ఇది ఎక్స్ కేటగిరీ. బేబీకి నరాలు, కాళ్లూ చేతులూ దెబ్బతింటాయి. తీయించేసుకోవడమే సేఫ్” అన్నారు. అప్పటిదాకా తెర మీద మినుకు మినుకుమని కొట్టుకుంటున్న ఆ చుక్కని చూపిస్తూ “హార్ట్‌బీట్ బాగుంది” అన్నదీ వాళ్లే. బయటికొచ్చాక మా ఆయన ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ రోజు నేను పడ్డ టెన్షన్ ఒక్కటే అయితే రాసేదాన్ని కాదు. తర్వాత నేను చదువుకున్నదాన్ని బట్టి, నాకు రెండుసార్లు అన్యాయం జరిగింది. మొదట మందు రాసినప్పుడు చెప్పాల్సినది చెప్పలేదు. ఆ తర్వాత చెప్పకూడనంత చెప్పి భయపెట్టారు. మొదటిది జరగకపోతే రెండోదానికి అవకాశమే ఉండేది కాదు.

భయం ఎక్కడినుంచి పుట్టిందో ముందు చెప్తాను, ఎందుకంటే అది గాలి కబురు కాదు. స్టాటిన్ మందుల పుట్టుకే ఒక ముచ్చట. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970లలో ఆరు వేలకు పైగా బూజులను పరీక్షిస్తే, క్యోటోలో ఒక ధాన్యం కొట్టులోని బియ్యం మీద పెరిగిన బూజులో దొరికింది మొదటి స్టాటిన్. మా పదో తరగతి పిల్లలకి పెన్సిలిన్ పాఠంతో పాటు ఇదీ చెప్తుంటాను. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారయ్యే వరుసలో మొదట్లోనే ఉండే ఒక ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. వాగు మీద పైనే ఆనకట్ట వేసినట్టు. కింద పారే కాలవలన్నిటికీ నీళ్లు తగ్గుతాయి. కొలెస్ట్రాల్ ఒక కాలవ మాత్రమే. కండర కణాలు శక్తి తయారు చేసుకోవడానికి వాడే కోఎంజైమ్ క్యూ10 అదే నీటిలోంచి వస్తుంది. కణాల్లో కొన్ని ప్రోటీన్లు గోడకి అతుక్కుని పనిచేయడానికి కావలసిన కొవ్వు తోకలూ అక్కడివే.

పెద్దవాళ్లకు కొలెస్ట్రాల్ అంటే శత్రువు. కడుపులో బిడ్డకి అది ఇటుక. మన ఒంటి బరువులో మెదడు రెండు శాతం ఉంటే, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఇంచుమించు నాలుగో వంతు అక్కడే ఉంటుంది. నరం చుట్టూ కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగులా ఉండే మైలిన్‌కి అది లేకపోతే కుదరదు. ఇంకో సంగతి ఉంది. పిండంలో మెదడు రెండు భాగాలుగా విడాలన్నా, చేతికి బొటనవేలు ఒకవైపు, చిటికెనవేలు ఇంకోవైపు రావాలన్నా ఒక సంకేత ప్రోటీన్ కావాలి. దానిపేరు సోనిక్ హెడ్జ్‌హాగ్, వీడియో గేములో బొమ్మ పేరు పెట్టారు, పేరు చెప్పగానే మా క్లాసు మొత్తం నవ్వుతుంది. ఆ ప్రోటీన్ పని చేయాలంటే దానికి ఒక కొలెస్ట్రాల్ అణువు అతుక్కోవాలని 1996లో కనిపెట్టారు. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ తయారీ చివరి మెట్టు పాడైన పిల్లలుంటారు. స్మిత్-లెమ్లి-ఓపిట్జ్ సిండ్రోమ్ అంటారు. వాళ్లలో కండరాలు మెత్తగా, పట్టు లేకుండా ఉంటాయి, మెదడు ఎదుగుదల వెనకబడుతుంది, కాలి రెండో వేలూ మూడో వేలూ కలిసిపోయి ఉంటాయి.

ఇది తెలిసినవాళ్లకు స్టాటిన్ చూస్తే భయం వేయడం సహజం. ఎలుకలకు భారీ మోతాదులు ఇచ్చినప్పుడు పిల్లల ఎముకల్లో లోపాలు కనిపించాయి కూడా. అందుకే 1987లో అమెరికాలో మొదటి స్టాటిన్ అమ్మకానికి వచ్చిన రోజునుంచే గర్భిణులకు నిషేధం. 2004లో ఇద్దరు పరిశోధకులు, అప్పటిదాకా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి చేరిన ఫిర్యాదులను ఏరి, మొదటి మూడు నెలల్లో స్టాటిన్ వాడిన కొందరు తల్లుల పిల్లల్లో మెదడు లోపాలు, చేయో కాలో సరిగా ఏర్పడకపోవడం చూశామని ఒక పేరున్న వైద్య పత్రికకు లేఖ రాశారు. స్కానింగ్ సెంటర్లో ఫోన్‌లో కనబడింది దాదాపుగా అదే అయి ఉండాలి.

కానీ ఆ లేఖలో లెక్క ఎలా వచ్చిందో ఆలోచించండి. బిడ్డ బాగా పుడితే ఎఫ్‌డీఏకి ఎవరు ఉత్తరం రాస్తారు? లోపం ఉన్నప్పుడే కదా రాస్తారు. చెడు మాత్రమే వచ్చి పడే పెట్టెలో చెడు ఎంత శాతం అని లెక్కేస్తే ఏమొస్తుంది? ఆ లేఖ రాసినవాళ్లు హెచ్చరిక చేశారు. అది వాళ్ల పని, తప్పు పట్టను. ఆ హెచ్చరికని తీర్పుగా చదివినవాళ్లదే తప్పు.

తీర్పు లాంటిది ఏదైనా ఉందంటే అది 2015లో వచ్చింది. అమెరికాలో పేదల వైద్య బీమా పథకం రికార్డుల్లోంచి 8,86,996 కాన్పులు తీసుకుని చూశారు. అందులో మొదటి మూడు నెలల్లో స్టాటిన్ వాడిన తల్లులు 1,152 మంది. వాళ్ల పిల్లల్లో పుట్టుక లోపాలు 6.34 శాతం, వాడనివాళ్ల పిల్లల్లో 3.55 శాతం. ఇక్కడితో చదవడం ఆపేస్తే గుండె ఆగిపోతుంది. నేను ఆపేశాను, ఒక రాత్రంతా. తెల్లారి మిగతాది చదివాను. స్టాటిన్ వాడే వయసులోని తల్లి ఎవరు? నాలాంటిది. షుగరు ఉన్నది, బరువు ఉన్నది, బీపీ ఉన్నది. షుగరు అదుపులో లేకపోతే బిడ్డకి గుండె, వెన్ను లోపాలు వస్తాయని ఎప్పటినుంచో రుజువైన విషయం. షుగరు ఉన్న తల్లిని షుగరు ఉన్న తల్లితోనే పోల్చి లెక్క మళ్లీ వేస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. 1.79 రెట్లు అన్నది 1.07 రెట్లకు దిగింది, అంటే మాత్ర వల్ల ముప్పు పెరిగిందని చెప్పలేం అన్నమాట. నేరం మాత్ర మీద పడింది గానీ, దొంగతనం చేసింది ఎక్కువగా షుగరే.

2021 జులైలో ఎఫ్‌డీఏ ఆ గట్టి నిషేధాన్ని తీసేయమని కంపెనీలకు చెప్పింది. తీసేసినంత మాత్రాన గర్భంతో వేసుకోమని కాదు. గర్భం అని తెలియగానే ఎక్కువమంది ఆపేయాలనే చెప్పింది, పాలిచ్చే తల్లులు వాడొద్దనే చెప్పింది. తెలియక మొదట్లో వేసుకుంటే బిడ్డకు హాని జరిగే అవకాశం తక్కువ, ఆ తల్లులకు ధైర్యం చెప్పండి అని కూడా చెప్పింది. “ఎక్స్ కేటగిరీ” సంగతంటారా, గర్భంలో ఏ మందు ఎంత ప్రమాదమో చెప్పే ఆ ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అక్షరాల పద్ధతినే అమెరికా 2015లో ఎత్తేసింది, అక్షరం చూసి జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారని. నాకు స్కానింగ్ గదిలో ఆ అక్షరంతో శిక్ష వేసేనాటికి అది పోయి ఏళ్లు దాటింది.

అబార్షన్ గురించి నాకు వేరే అభ్యంతరాలేమీ లేవు. చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి నిర్ణయం వాళ్లది. కానీ కారణం అబద్ధం కాకూడదు. తొమ్మిదో వారంలో ఒక ఆడమనిషికి “బేబీకి నరాలు దెబ్బతింటాయి” అని చెప్పి పంపిస్తే అది సలహా అవ్వదు.

నన్ను కాపాడింది మా అక్క అత్తగారి ఊళ్లో ఉండే ఒక పెద్ద డాక్టరమ్మ. రిటైరయ్యారు, అయినా పొద్దున రెండు గంటలు చూస్తారు. ఆవిడ నాతో మాట్లాడుతూ గోడ మీద కాలెండర్ తీసి టేబుల్ మీద పెట్టారు. నా చివరి నెలసరి తారీఖు దగ్గర పెన్నుతో గీత పెట్టి, వారం వారం కిందికి దిగారు. “ఇదిగో, ఆరో వారం. మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం మూసుకోవడం ఇక్కడికి అయిపోయింది. చేతుల మొగ్గలు, కాళ్ల మొగ్గలు ఇక్కడ. నువ్వు కిట్ చూసుకునేసరికే పెద్ద పనులన్నీ అయిపోయాయమ్మా. మాత్ర మానేస్తే మూడు నాలుగు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. ఇప్పుడు నాకు నీ మాత్ర కంటే నీ షుగరంటేనే భయం.” షుగరు మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 7.1 ఉంది నాకు. ఇన్సులిన్ మొదలెట్టారు, మెట్‌ఫార్మిన్ ఉంచారు. ఫోలిక్ యాసిడ్ మాత్రం నిజానికి కడుపు రాకముందే మొదలెట్టాల్సిందని మందలించారు. బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ పందొమ్మిదో వారానికి రాసిచ్చారు. ఫీజు తీసుకోలేదు, కాలెండర్ మాత్రం ఖరాబైంది.

ఇప్పుడు తల్లి ఒంటి సంగతి. కడుపులో బిడ్డ గురించి అంత గోల చేసేవాళ్లు ఆ బిడ్డని మోసే కాళ్ల గురించి ఒక్క ముక్క అడగరు.

అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టిన రెండో నెలలో నాకు తొడలు లాగడం మొదలైంది. మా స్కూల్లో పదో తరగతి రెండో అంతస్తులో. రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే పిల్లలు నవ్వేవాళ్లు. మందుల షాపులో చెప్పుకున్నాను. “నరాల వీక్‌నెస్ మేడమ్” అని మిథైల్‌కోబాలమిన్ స్ట్రిప్ ఒకటి ఇచ్చారు. మన దగ్గర కాలు నొప్పి అన్నా, చేయి తిమ్మిరి అన్నా, నిద్ర పట్టట్లేదన్నా నరాల వీక్‌నెస్సే, మందు ఆ ఎర్ర మాత్రే. పైగా ఇక్కడ తమాషా ఏంటంటే, అది పూర్తిగా తప్పు కూడా కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు వస్తాయి. షుగరు కూడా అదే పని చేస్తుంది. కానీ తిమ్మిరి నరానిది, లాగడం కండరానిది. ఏది ఎక్కడ అని ఎవరూ అడగలేదు, బీ12 టెస్టు లేదు, కండరం దెబ్బతింటే పెరిగే సీపీకే టెస్టు లేదు. మాత్ర మీద మాత్ర పడింది, అంతే.

నేను స్టాటిన్ మీద చాడీలు చెప్పడానికి రాయడం లేదు, అది కూడా చెప్పాలి. 2022లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, స్టాటిన్ వేసుకున్నవాళ్లలో 27.1 శాతం మందికి కండరాల నొప్పులు ఉంటే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 26.6 శాతం మందికి ఉన్నాయి. అంటే ఈ నొప్పుల్లో చాలావాటికి మాత్రకు సంబంధమే లేదు. నావి కూడా మెట్లవో, వయసువో కావచ్చు. నిజంగా కండరం కరిగిపోయే జబ్బు చాలా అరుదు. అరుదే గానీ లేనిది కాదు. 2001లో సెరివాస్టాటిన్ అనే మందుని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు, కండరాలు కరిగి కిడ్నీలు పాడై మనుషులు పోయారని. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే, ఒళ్లంతా నొప్పులతో లేవలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇది స్ట్రిప్ ఇచ్చేటప్పుడు చెప్పడానికి అర నిమిషం చాలు.

గర్భంలో ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, ఏడో నెల దాటాక చేతివేళ్లు మొద్దుబారడం, తొడ పక్కన మంట, ఇవన్నీ ఏ మందూ వాడని తల్లులకూ వస్తాయి. ఆరో నెలలో ఒక అర్ధరాత్రి నా కుడి పిక్క రాయిలా బిగుసుకుపోతే, మాత్ర మానేసి నాలుగు నెలలైనా సరే, “దాని విషం ఇంకా ఉంది, బిడ్డ కాళ్లు కూడా ఇలాగే బిగుసుకుపోతున్నాయేమో” అని కూర్చుని ఏడ్చాను. మా అత్తమ్మ లేచి పాదం పట్టుకుని వేళ్లు ముఖం వైపు వంచి పట్టింది, రెండు నిమిషాల్లో వదిలింది. “నాకు నలుగురు పిల్లలు, నలుగురికీ పట్టేసింది” అంది. ఆ మాత్రం భరోసా ఎవరైనా తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మెడికల్ షాపుల వాళ్లకు ప్రత్యేకంగా రెండు సంగతులు. మా స్కూల్లో పనిచేసే ఒకామె చెల్లెలు ఐదో నెల గర్భంతో ఆఫర్ ఉందని బాడీ చెకప్ చేయించుకుంది. కొలెస్ట్రాల్ 270 దాటింది. రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి దగ్గర్లోని ఆర్‌ఎంపీ స్టాటిన్ రాశాడు, షాపులో ఇచ్చేశారు. గర్భంలో కొలెస్ట్రాల్ పావు నుంచి సగం వరకు పెరగడం, ట్రైగ్లిజరైడ్లు రెండు మూడు రెట్లు అవడం ప్రకృతి. బిడ్డ కోసం తల్లి ఒళ్లు సరుకు తెచ్చి పెట్టుకుంటుంది. దాన్ని రోగం అనుకుని మందు వేయడం అంటే సంక్రాంతికి ఇంటికి వచ్చిన బియ్యం బస్తాలు చూసి దొంగ సొత్తు అన్నట్టు. స్టాటిన్లు షెడ్యూల్ హెచ్ మందులు, రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని మీ స్ట్రిప్ మీదే రాసి ఉంటుంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో.

రెండోది, ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి వస్తున్నాయి. పైన ఏదో ముద్దుపేరు ఉంటుంది, అందులో రోసువాస్టాటిన్ ఉందో ఫెనోఫైబ్రేట్ ఉందో మామూలు మనిషికి తెలియదు. నా కొలీగ్ ఒకామెకి బీపీకి టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ రెండూ రాశారు, ఆమెకి 31 ఏళ్లు. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఆ చీటీలో స్టాటిన్ కంటే భయపడాల్సింది టెల్మిసార్టాన్‌కే. నాలుగో నెల తర్వాత కూడా అది కొనసాగితే బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఇది అనుమానం కాదు, తేలిన విషయం. దాన్ని మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు. గూగుల్‌లో భయంకరంగా కనబడేదానికి భయపడటం, నిజంగా భయపడాల్సిన దాన్ని వదిలేయడం, మనకు అలవాటైపోయింది.

దయచేసి ఈ లేఖ చదివి ఏ ఆడపిల్లా స్టాటిన్‌ని చెత్తబుట్టలో పడేయకండి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుండే కుటుంబాలున్నాయి. ఆ జబ్బు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తండ్రి నలభైల్లో గుండెపోటుతో పోయిన ఇళ్లు మీ వీధిలోనూ ఉంటాయి. వాళ్లకి మాత్ర ఎప్పుడు ఆపాలి, ఆపితే ఆ తొమ్మిది నెలలు ఏం చేయాలి అన్నది డాక్టరుతో కూర్చుని ముందే అనుకోవాల్సిన సంగతి. రక్తంలోకి వెళ్లకుండా పేగులోనే పనిచేసే మందులు కొన్ని ఉన్నాయి. మరీ తీవ్రంగా ఉన్నవాళ్లకి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని యంత్రంతో వడగట్టే పద్ధతీ ఉంది. బ్రిటన్‌లో గర్భం కోసం ప్రయత్నించడానికి మూడు నెలల ముందే స్టాటిన్ ఆపమంటారు, అమెరికాలో ఒకటి రెండు నెలల ముందు. ఏది పాటించినా “ముందు” అన్న మాట రెండిట్లోనూ ఉంది. ముందు అనేది జరగాలంటే రాసిన రోజే చెప్పాలి.

పాప పుట్టిన రాత్రి సంగతి చెప్పి అడగాల్సినవి అడుగుతాను. సిజేరియన్ అయింది. నర్సు బిడ్డని నా చెంపకి ఆనించగానే అందరు తల్లుల్లా ముఖం చూడలేదు నేను. “పాదాలు చూపించండి సిస్టర్” అన్నాను. ఆవిడ నవ్వి గుడ్డ విప్పింది. రెండో వేలు, మూడో వేలు. మధ్యలో సందు ఉంది. మళ్లీ రెండో పాదం. సందు ఉంది. అప్పుడు ముఖం చూశాను. చదువుకోవడం వల్ల ఇలాంటి శిక్షలు కూడా ఉంటాయి.

అక్కడితో అయిపోలేదు. బాబు పదో నెలకే నడిచాడు. పాప పన్నెండు నిండినా పట్టుకునే నిలబడేది. ఇంట్లో ఎవరో “దీనికి కాళ్లలో సత్తువ లేదే” అన్నారు, మామూలుగానే అన్నారు. నేను మర్నాడే జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల చూసే కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు పాపని వెల్లకిలా పడుకోబెట్టి రెండు చేతులూ పట్టి నెమ్మదిగా పైకి లాగారు, మెడ వెనక్కి వాలుతుందేమో అని. వాలలేదు. బోర్లా తిప్పి అరచేతి మీద గాల్లో ఉంచారు. పాప తల ఎత్తి గోడ మీది ఏనుగు బొమ్మని చూసింది. చిన్న సుత్తితో మోకాలి కింద తట్టారు, కాలు ఎగిరింది. “పద్దెనిమిది నెలల్లోపు ఎప్పుడు నడిచినా మామూలే. మీరు ఏదో మనసులో పెట్టుకుని వచ్చారు” అన్నారాయన. చెప్పాను. ఆయన ఫైల్లో రాసుకున్నారు. ఆ మాత్ర గురించి ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. పదిహేనో నెలలో నడిచింది, ఇప్పుడు ఆపడమే కష్టం.

ఆయన రాసుకోవడం నాకెందుకు అంత ముఖ్యమైందంటే, గర్భంలో స్టాటిన్ తగిలిన పిల్లల కండరాల బలం, చదువు, నడక పెద్దయ్యేదాకా చూసిన అధ్యయనాలు ప్రపంచంలోనే చాలా తక్కువ. ప్రీఎక్లాంప్సియాని, అంటే గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బుని, ఆపుతుందేమో అని గర్భిణులకు కావాలనే ప్రవాస్టాటిన్ ఇచ్చి చూసిన పరీక్షలున్నాయి. 2021లో వచ్చిన ఒకదాంట్లో 1,120 మంది తల్లులున్నారు, జబ్బు మాత్రం ఆగలేదు. మన దేశంలో చిన్న వయసులోనే షుగరు వస్తోంది, చిన్న వయసులోనే స్టాటిన్ రాస్తున్నారు, ఆ మందులు తయారుచేసే కంపెనీలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. రాసుకుంటే మన దగ్గరే బోలెడు సమాచారం ఉండేది. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది, గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపిస్తుంది, మెడికల్ కాలేజీల్లో కేంద్రాలున్నాయి, 1800-180-3024 అని టోల్ ఫ్రీ నంబరుంది, డాక్టరే కాదు రోగి కూడా ఫోన్ చేయొచ్చు. నేను చేశాను. మీలో ఎంతమంది మీ వెయిటింగ్ హాల్లో ఆ నంబరు అంటించారు?

ఫిజీషియన్లను, షుగరు డాక్టర్లను అడిగేది ఇదే. నలభై ఐదు లోపు ఆడమనిషికి స్టాటిన్ రాసే ముందు, ఎంతమంది పిల్లలని కాకుండా, ఆపరేషన్ అయిందా, ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడగండి. కావాలంటే మాత్ర మానేయమనడం కాదు, ఎప్పుడు ఆపాలో చెప్పండి. అదే చీటీ మీద “నెల తప్పితే ఈ మాత్ర ఆపి నా దగ్గరికి రండి” అని తెలుగులో ఒక వాక్యం రాయండి. చదువురాని వాళ్లకి ఇంట్లో ఎవరో ఒకరు చదివి పెడతారు. స్కానింగ్ వాళ్లు, గైనకాలజిస్టులు, ఆ వాక్యం లేకుండా వచ్చిన తల్లిని చూసినప్పుడు అక్షరం చూపించి బెదిరించకండి, కాలెండర్ తీయండి. షాపుల వాళ్లు కౌంటర్ మీద చిన్న స్టాంపు ఒకటి పెట్టుకోండి. “రాత్రి ఒకటి” అని కవర్ మీద రాసే పెన్నుతోనే “గర్భం వస్తే చెప్పాలి” అని కూడా రాయొచ్చు. ప్రభుత్వం వారికి ఒక్క మాట: గర్భిణులకిచ్చే తల్లీబిడ్డల కార్డులో మొదటి చెకప్ పేజీలో షుగరు, బీపీ అంకెల పక్కన “ఇప్పటిదాకా వాడుతున్న మందులు” అని రెండు ఖాళీ గీతలు పెట్టండి. ఏఎన్ఎంలు మిగతావన్నీ అడిగి రాస్తున్నారు, ఇదీ రాస్తారు.

పాపకి రెండేళ్లు నిండగానే పాలు మాన్పించాలనుకుంటున్నాను. నా ఎల్‌డీఎల్ మళ్లీ 160 దాటింది, మాత్ర మళ్లీ మొదలుపెట్టాలి, పెడతాను. పాత డాక్టరు దగ్గరికే వెళ్తాను. ఈసారి ఆయన “సరే” అనేలోపే, “ఆపరేషన్ అయింది సార్, పాపతో పాటే చేయించుకున్నాను” అని నేనే చెప్పేస్తాను. అయినా చీటీ మీద ఆ వాక్యం రాయించుకుంటాను. నా వెనక వరుసలో కూర్చున్న అమ్మాయికి ఎలా రాయాలో ఆయనకి అలవాటు అవుతుంది.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక బయాలజీ టీచరు